గోటితో పోవుదానికి గొడ్డలి యేల?

"గోటితో పోవుదానికి గొడ్డలి యేల?" అని తెలుగువారి సామెత. చిన్న పనికి పెద్ద సాధనము పట్టరాదని దీని పై యర్థము. కొంచెము లోతుగా విచారించినచో ఇందు మఱియొక యర్థము కూడ కలదు. గొడ్డలి తెచ్చువాడు తఱచుగా బలవంతుడు కాడు; తొందరపడువాడు, లేదా భయపడువాడు. గోరు చేయగల పనిని ఓపికతో చేయుటకు మనస్సు నిలువనప్పుడే చేయి గొడ్డలికై వెదకును. బట్టలుతుకువారికి ఈ సంగతి అనుభవముచేతనే తెలియును. పట్టుచీరపై పడిన మరకను బండపై బాది వదలించు వారెవరును లేరు. కుంకుడు నురుగులో ముంచి, మెల్లగా జాడింతురు. చీర యెట్టిదో ముందు చూతురు. మరక సంగతి పిమ్మట చూతురు.

ఈ కాలమున ఈ సామెత మోటారు కారునకు కూడ చక్కగా వర్తించును. సంక్రాంతికి ముందు గాని, పెండ్లికి ముందు గాని ఇండ్లకు క్రొత్తరంగులు వేయించుట మనకు ఆచారము. పూర్వము వీధివైపున గోడకు సున్నము వేయుచుండగా చుక్కలు చిందినచో అవి ఎండి పొడియై రాలిపోయెడివి. నేడు సున్నమునకు మాఱుగా డబ్బాలలో వచ్చు రంగులు వాడుచున్నారు. ఎడ్లబండి నిలుచు చోట కారు నిలుచుచున్నది. ఆ కారులో ఇనుముతో పాటు ప్లాస్టిక్ భాగములును పెక్కులు కలవు. ఇనుముపై పడిన రంగు వేఱు, అద్దముపై పడిన రంగు వేఱు, ప్లాస్టిక్‌పై పడిన రంగు వేఱు. ఈ భేదము తెలియకపోవుట వలన కలుగు నష్టము ఒక్కొక్కప్పుడు మరక వలన కలుగు నష్టముకంటె పదింతలుండును.

గోదావరి తీరమున ఒక పట్టణములో జరిగినదిగా ఒక యుదంతమును చెప్పుకొనవచ్చును. పండుగకు పది దినముల ముందు ఒక మేడకు రంగులు వేయుచుండిరి. గోడలకు నీటితో కలుపు ఎమల్షన్ రంగు. కిటికీ ఊచలకు నూనెతో చేసిన ఎనామిల్ రంగు. మేడ ప్రక్కన ఒక అద్దెకారు నిలిచియుండెను. దానిని నడుపువాడే దానికి యజమాని. బ్యాంకులో చేసిన అప్పు ఇంకను తీరలేదు. పండుగ దినములలో దూరపు టూళ్లనుండి వచ్చువారిని రాత్రివేళ రైలు స్టేషనునుండి గ్రామములకు చేర్చుట వలననే అతనికి ఆ సంవత్సరపు ముఖ్యమైన రాబడి లభించును.

పరంజాపై పనిచేయుచున్న ఒక యువకుని చేతిలోని ఎనామిల్ డబ్బా ఒరిగెను. నీలిరంగు కారు కుడివైపు ముందుదీపముపై పడి, దారలు కట్టెను. బంపరుపై అంతకుముందే గోడరంగు చినుకులు పడి ఎండియుండెను. యువకుని గుండె ఝల్లుమనెను. అతడు క్రొత్తగా పనిలో చేరినవాడు. నాటి కూలి పోవునను భయముతో క్రిందికి దిగి, ఎవరికిని చెప్పక, చేతికందిన థిన్నరును గుడ్డపై కుమ్మరించి దీపమును గట్టిగా రుద్దెను. రంగు క్షణములో పోయెను. అతడు ఊపిరి పీల్చుకొనెను. కాని థిన్నరు ఆఱిపోయిన కొలది నిర్మలమైన ఆ దీపపు మూత పాలు కలిపిన నీటివలె తెల్లబడెను. దగ్గఱగా చూడగా సాలెగూటివంటి సన్నని పగుళ్లు దానినిండ వ్యాపించియుండెను. ఎన్ని నీళ్లు పోసి కడిగినను ఆ తెలుపు పోలేదు. ఏలననగా అది పైనుండి పడిన మరక కాదు. దీపపు మూతకే తగిలిన గాయము.

థిన్నరు చేసిన పని యెట్టిదో తెలియవలెనన్న రంగనగా నేమో, ప్లాస్టిక్ అనగా నేమో కొంత తెలియవలెను.

ఏ రంగులోనైనను ముఖ్యముగా మూడు వస్తువు లుండును. మొదటిది కంటికి కనబడు వర్ణపు పొడి. రెండవది ఆ పొడిని గోడకు అంటుకొనునట్లు చేయు బంధకము. మూడవది ఈ రెంటిని పలుచగా నుంచి కుంచెతో పూయుటకు వీలుగా జేయు ద్రవము. ఎమల్షన్ రంగులో ఈ ద్రవము నీరు. బంధకము సన్నని కణములుగా నీటిలో తేలుచుండును. నీరు ఆవిరియై పోగా ఆ కణములు ఒకదానితో నొకటి కలిసి పొరయై నిలుచును. కావున తడిగానున్న ఎమల్షన్ చుక్కను నీరే తీసివేయును; ఎండిన పిదప నీరు దానిని మెత్తబఱుపగలదేగాని కరగింపజాలదు. ఎనామిల్ రంగులోని బంధకము నూనెకు సంబంధించినది. అది గాలిలోని ఆమ్లజనిని గ్రహించి, గంటలు గడచిన కొలది గట్టిపడును. కనుక ఏ రంగైనను పడిన వెంటనే చేయు చిన్న ఉపచారము మఱునాటి పెద్ద ప్రయత్నముకంటె మేలైనది.

ఇక ప్లాస్టిక్ అనునది ఒక్క వస్తువు కాదు. అది ఒక పెద్ద కుటుంబము. బెల్జియములో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేక్‌లాండ్ 1907లో కనిపెట్టిన బేకలైట్ పూర్తిగా కృత్రిమమైన తొలి ప్లాస్టిక్. 1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్ పాలీకార్బొనేట్‌ను తయారుచేసెను. అదే కాలమున అమెరికాలో డేనియల్ ఫాక్స్ కూడ దానిని వేఱుగా కనుగొనెను. 1954లో ఇటలీ దేశీయుడైన జూలియో నట్టా పాలీప్రొపిలీన్‌ను సిద్ధపఱచెను. ఇందుకు దారితీసిన పరిశోధనలకు ఆయనకును, జర్మనీ దేశీయుడైన కార్ల్ జీగ్లర్‌కును 1963లో నోబెల్ బహుమానము లభించెను.

నేటి కారులో ఈ కుటుంబమువారు పలువురు కనబడుదురు. బంపరు సాధారణముగా పాలీప్రొపిలీన్‌తో చేయబడును. ముందున్న జాలీని, అద్దముల వెనుకనుండు తొడుగులను తఱచుగా ఏ.బి.ఎస్. అను ప్లాస్టిక్‌తో చేయుదురు. ముందుదీపముల మూతలకు పూర్వము గాజు వాడెడివారు. ఇప్పుడు ఎక్కువగా పాలీకార్బొనేట్ వాడుచున్నారు. వెనుకనుండు ఎఱ్ఱదీపములకు తఱచుగా ఆక్రిలిక్ వాడుదురు. అనేక భాగముల లోపలివైపున ఆ ప్లాస్టిక్ పేరు సంకేతాక్షరములతో అచ్చువేయబడి యుండును.

ఒకే కుటుంబమువారైనను వీరి స్వభావములు వేఱు. ఒక ద్రవము తనను బోలిన పదార్థమునే సులభముగా కరగించునని రసాయనశాస్త్రము చెప్పును. నీటిలో ఉప్పు కరగును, నూనె కరగదు. కిరసనాయిలులో నూనె కరగును, ఉప్పు కరగదు. రంగును పలుచన చేయు థిన్నరులో అసిటోన్, టొలువీన్ వంటి తీవ్రద్రవములుండును. రంగులోని బంధకమును కరగించు ఆ ద్రవములే ఏ.బి.ఎస్.ను కూడ కరగింపగలవు. ఏ.బి.ఎస్. ముక్కలను అసిటోన్‌తో తడిపి అతికించు పద్ధతి కూడ కలదు. పాలీకార్బొనేట్‌పై అవి మఱియొక విధముగ పనిచేయును. అచ్చులో పోసి చేసిన ఆ మూతలో కంటికి కనబడని బిగువు నిలిచియుండును. తీవ్రద్రవము సోకగనే ఆ బిగువు సన్నని పగుళ్లుగా బయటపడును. దీపమునకు రక్షణగా ఒక గట్టి పూత వేయుదురు. కాని ఏండ్ల తరబడి ఎండలో నిలిచిన కారుపై ఆ పూత బలహీనపడియుండును. ఆ యువకుడు రుద్దిన దీపమును అట్టిదే.

పాలీప్రొపిలీన్ వీనికంటె మొండిది. సాధారణపు వేడిలో అసిటోన్ దానిని కరగింపలేదు. రంగులు కూడ దానిని గట్టిగా పట్టుకొనవు. అందుచేతనే కర్మాగారములో దానికి రంగు వేయుటకు ముందు అంటుకొనుటకు తోడ్పడు పూత వేయవలసివచ్చును. అయినను బంపరుపై థిన్నరు వాడవచ్చునని తలంపరాదు. కారు రంగుతో మెఱయు బంపరుపై అసలు కనబడునది ప్లాస్టిక్ కాదు, దానిపై పూసిన రంగు. థిన్నరు ప్లాస్టిక్‌ను విడిచి ఆ రంగును తినివేయును.

పాపము, ఆ యువకునికి ఇవేవియు తెలియవు. ఇనుప ఊచలపై చిందిన రంగును థిన్నరుతోను, కిటికీ అద్దముపై చిందిన రంగును బ్లేడుతోను తీయుట అతడు చూచియున్నాడు. గాజు గట్టిది గనుక బ్లేడునకు లొంగదు. ప్లాస్టిక్ మెత్తనిది, బ్లేడు గీచిన గీతలు దానిపై శాశ్వతముగ నిలుచును. ఒకచోట నేర్చిన విద్యను మఱియొకచోట ఆలోచింపక వాడుటయే అతడు చేసిన పొరపాటు.

కారు నడుపువాడు వచ్చి దీపమును చూచి మండిపడెను. "ఇది నా కూడు. రాత్రి దారి కనబడక నేనెట్లు బండి నడుపుదును?" అని కేకలు వేసెను. యువకుడు తల వంచుకొని నిలిచెను. ఇంతలో పెద్ద మేస్త్రి అచటికి వచ్చెను. ఆయన నలువది యేండ్లుగా రంగులపనిలో నున్నవాడు. దీపముపై వ్రేలుంచి చూచి, యువకునితో, "అబ్బాయీ, పడినప్పుడే నన్నెందుకు పిలువలేదు?" అని మాత్ర మడిగెను.

"కూలి కోసెదరని భయపడితిని, బాబాయీ" అని అతడు మెల్లగా చెప్పెను.

మేస్త్రి కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట బంపరు వద్ద కూర్చుండి, యువకుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "ఏమి పడెనో తరువాత చూడుము. దేనిమీద పడెనో ముందు చూడుము" అని పని మొదలుపెట్టెను.

మొదట కారును నీడకు త్రోయించెను. ఎండవేడిమికి రంగు త్వరగా గట్టిపడును, తుడుచు ద్రవము త్వరగా ఆవిరియగును. తరువాత బంపరుపైనున్న దుమ్మును నీటితో కడిగించెను. దుమ్ముతోనే రుద్దినచో ఇసుక రేణువులు గీతలు గీయును. గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోము సబ్బును కొంచెము కలిపి, మెత్తని నూలుగుడ్డను అందులో ముంచి, ఎండిన గోడరంగు చుక్కలపై పఱచి, కొంతసేపు కదల్పకుండ ఉంచెను. గుడ్డ తీసిన పిమ్మట ఆ బంపరు రంగు వేయని నల్లని పాలీప్రొపిలీన్ అగుటచే చుక్కల అంచులు లేచియుండెను. మేస్త్రి వ్రేలి గోటితో వానిని ఒక్కొక్కటిగ లేపగా అవి పొట్టువలె ఊడివచ్చెను. గోరు పట్టని చోట పాత ప్లాస్టిక్ కార్డు అంచును వాడెను. ఏ గొడ్డలియు అక్కఱలేకపోయెను.

బంపరు మీదికి జారిన నీలి ఎనామిల్ ఇంకను తడిగా నుండెను. దానిని మేస్త్రి రుద్దలేదు. పొడిగుడ్డతో అద్ది పైకి తీసెను. రుద్దినచో చుక్క పెరిగి మరక యగును; అద్దినచో చుక్క తఱిగి జాడ యగును. మిగిలిన జాడ కొఱకు మినరల్ టర్పెంటైన్‌ను కొలదిగా గుడ్డకు తడిపెను. ముందుగా బంపరు లోపలి అంచున, ఎవరికిని కనబడని చోట, దానిని తాకించి కొన్ని నిమిషములు వేచియుండెను. ప్లాస్టిక్ జిగటపడలేదు, మెఱుపు తగ్గలేదు, గుడ్డకు నల్లరంగు అంటలేదు. అప్పుడే మరకపై వాడెను. అంచునుండి నడిమికి తుడిచెను. గుడ్డ మడతను మాటిమాటికి మార్చెను. వెంటనే సబ్బునీటితో కడిగివేసెను. ద్రవమును గుడ్డపై పోయవలెను గాని ప్లాస్టిక్‌పై పోయరాదని యువకునికి రెండుమాఱులు చెప్పెను.

"మఱి ఆ దీపముపై పడినదానిని ఎట్లు తీయవలసి యుండెను, బాబాయీ?" అని యువకుడడిగెను. "ఇట్లే, ఇంకను మెల్లగా" అని మేస్త్రి యనెను. పాలీకార్బొనేట్ దీపమునకు మొదట అద్దుట, పిమ్మట సబ్బునీరు, అప్పటికిని పోనిచో ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కొంచెము తడిపిన మెత్తని గుడ్డ - ఇది క్రమము. ఆ ఆల్కహాలే ఆక్రిలిక్‌తో చేసిన వెనుకదీపమునకు సన్నని పగుళ్లు తేగలదు. దానికి సబ్బునీరే చాలును. ఒకదానికి మందైనది మఱియొకదానికి విషమగుట వైద్యములోనే కాదు, ఈ చిన్న పనిలోను కలదు. అసిటోన్, టొలువీన్, పెట్రోలు మాత్రము ఈ రెంటిలో దేనికిని తగవు.

వస్తువు చెడుటకంటె పెద్ద అపాయములును ఇందు కలవు. అసిటోన్ ఆవిరి సున్నకు దిగువ 20 డిగ్రీల సెంటీగ్రేడు చలిలో సైతము నిప్పుఱవ్వ తగిలినచో అంటుకొనగలదు. మన యూళ్ల వేడిమిలో దాని సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇట్టి ఆవిరులు గాలికంటె బరువైనవి. నేలబారున ప్రాకి దూరమున నున్న పొయ్యిని గాని, పాఱవేసిన బీడీని గాని చేరగలవు. కారు లోపల డ్యాష్‌బోర్డుపై రంగు ఒలికినప్పుడు తలుపులన్నియు తెఱచియుంచవలెను. మూసిన కారులో ఆ ఆవిరిని పీల్చినవానికి తల తిరుగును, స్పృహ తప్పును. ప్రమాదసమయమున ఉబ్బి రక్షించు గాలిసంచులున్న చోట ఏ ద్రవమును కాఱనీయరాదు. అవిసెనూనెవంటి ఆఱెడి నూనెతో తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేయరాదు. ఆ నూనె గాలిలోని ఆమ్లజనితో కలియుచు వేడెక్కి, ఎవరును నిప్పు పెట్టకయే గుడ్డను మండింపగలదు. అట్టి గుడ్డలను ఆరుబయట విప్పి పఱవవలెను, లేదా నీటిలో ముంచవలెను. రంగును ఊడదీయుటకు వాడు మిథిలీన్ క్లోరైడ్ అను ద్రవము మూసిన గదులలో పనివారి ప్రాణములనే తీసినందున, అమెరికా ప్రభుత్వము 2019లో గృహస్థులకు దాని అమ్మకమును నిషేధించెను. కావున సబ్బునీటిని మించిన ద్రవమేదైనను పెద్దల చేతనే వాడబడవలెను. పిల్లలు దానిని ముట్టరాదు.

ఇంత చేసినను కొన్ని జాడలు పోవు. గరుకుగా నుండు నల్లని బంపరు గుంటలలో రెండు మూడు నీలి నలుసులు మిగిలిపోయెను. యువకుడు ఇంకను రుద్దబోగా మేస్త్రి చేయిపట్టి ఆపెను. "ఇవి ఉన్నను బండి నడచును. వీనికొఱకు గీతలు పడనీయకుము" అనెను. ఎక్కడ మొదలుపెట్టవలెనో తెలియుట నేర్పు. ఎక్కడ మానవలెనో తెలియుట అంతకంటె నేర్పు.

దీపము మాత్రము బాగుపడలేదు. తెల్లబడిన మూతలో వెలుతురు సూటిగా దారిపై పడక నలువైపుల చెదరును. నడుపువానికి ముందున్న గొయ్యి కనబడదు. ఎదురు వచ్చువాని కన్నులు బైర్లుగమ్మును. క్రొత్తదీపము తెప్పించి బిగించువఱకు నాలుగు దినములు అద్దెకారువాడు రాత్రి ప్రయాణములు మానుకొనవలసివచ్చెను. దీపపు వెలలో సగము మేస్త్రి తన చేతినుండి ఇచ్చెను. యువకుని కూలి కోయలేదు. అది చూచి అద్దెకారువాడు, "మిగిలిన సగము నేను పెట్టుకొందును, మేస్త్రిగారూ. కాని ఇకమీద ఏమి జరిగినను ముందు నాతో చెప్పుమని వానికి చెప్పండి" అనెను.

ఆ మాటలో ఒక న్యాయము కలదు. నీలిరంగు మరక అందఱికి కనబడునది. దానివలన ఎవరికిని ప్రాణాపాయము లేదు. దానిని దాచుటకై కలిగించిన మసక మొదట కంటికి ఆనలేదు. కాని అది రాత్రివేళ దారినే మఱుగుపఱచును. తప్పు చేసినవాడు వెంటనే చెప్పినచో తడిగుడ్డతో పని తీరును. అట్లు చెప్పు ధైర్యము అతనికి కలుగవలెనన్న వినువారికి శాంతముండవలెను. కూలి కోయుదురను భయము లేనిచో ఆ యువకుడు థిన్నరును తాకియుండడు.

మఱునాడు ఆ మేడ వద్ద పని మొదలుపెట్టుటకు ముందే యువకుడు పాత దుప్పట్లు తెచ్చి, వీధిలో నిలిచిన వాహనములపై కప్పెను. పరంజా క్రింద ఒక బకెట్టులో సబ్బునీళ్లును, ప్రక్కన మెత్తని గుడ్డలును సిద్ధముగ నుంచెను. థిన్నరు డబ్బాకు మూత బిగించి, మేడ వెనుక నీడలో, అందఱి చేతులకు దూరముగ పెట్టివచ్చెను.